నూట ముప్పై ఒక్కమంది బామ్మర్దులు

గురువారం పొద్దున ఏడు గంటలకు ఆలేరులోని యోహాను ఇంట్లో ఎవరి పని వారికి ఖరారై ఉంది. యోహాను మోకాళ్లకు నూనె రాసుకోవాలి. ఆయన భార్య జానమ్మ కొత్తింటి కిటికీలకు రెండో పూత వేయించాలి. కొడుకు నవీన్‌కుమార్ ఎనిమిదింటి ప్యాసింజరు అందుకునేలోపు నూట నలభై మూడు మందిని ఆదివారం నాటి ఇంటి ప్రతిష్ఠకు పిలిచేయాలి.

పిలుపుల పని మామూలుగా వారం పడుతుంది. ఇంటింటికీ పోవాలి, కూర్చోవాలి, చాయ తాగాలి, అప్పుడు పిలవాలి. కానీ ప్రార్థన చేసి కొత్తింటి తలుపు తీయాల్సిన పాస్టరు గారికి ఈ ఆదివారం దాటితే నెలన్నర దాకా తీరిక లేదు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు అటెండరుగా గంట కొట్టి రిటైరైన యోహాను మోకాళ్లకేమో గల్లీ చివరిదాకా పోవడమే పెద్ద ప్రయాణం. అందుకని ఫోన్లకు మెసేజులు పంపుదామని నవీన్ అన్నాడు.

జానమ్మ ఒప్పుకోలేదు.

"అందరికి ఒకటే రాత పంపుతే అది పిలుపెట్లైతది? రేపు కరెంటు ఉండదని చెప్పినట్టుంటది. మామను మామ అనాలె, బావను బావ అనాలె. వరస పెట్టి పిలిస్తెనే మనిషి కదుల్తడు."

ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు నవీన్ నవ్వాడు. భువనగిరి జిల్లా కేంద్రమయ్యాక వెలిసిన ఆఫీసుల్లో ఒకదాంట్లో అతను కంప్యూటర్ ఆపరేటరు. ఒక పని ఎలా చేయాలో బ్రౌజరుకు ఒకసారి చూపిస్తే చాలు, అదే నొక్కుకుంటూ, అదే టైపు చేసుకుంటూ వెయ్యిసార్లు చేసిపెట్టే చిట్కా ఒకటి నేర్చుకున్నాడు. దాన్ని మాక్రో అంటారు. ఆఫీసులో ముగ్గురు మూడు రోజులు చేసే ఎంట్రీలను నవీన్ మాక్రో మధ్యాహ్నం భోజనంలోపు ముగించేస్తుంది. ఈ సంగతి అతను అడిగిన వాళ్లకు చెబుతాడు, అడగని వాళ్లకు ఇంకా వివరంగా చెబుతాడు.

"తొమ్మిది వరసలకు తొమ్మిది పత్రికలు రాద్దాం అమ్మా. ఎవరు ఏమైతరో పట్టికల పెడ్త. నా మాక్రో పేరు చూస్తది, వరస చూస్తది, ఆ వరస పత్రిక తెరిచి కాపీ చేసి, బాపు వాట్సాప్ నుంచి వాళ్ల ఫోన్‌కు పంపుతది. నువ్వు ఎంత వరస పెట్టమంటె అంత పెడ్తది."

అలా బుధవారం సాయంత్రమే జానమ్మ చెప్పగా నవీన్ తొమ్మిది పత్రికలు టైపు చేశాడు. ఎనిమిది పత్రికలు అరగంటలో అయిపోయాయి. తొమ్మిదోది ఒక్క మనిషికి రాసింది. దానికే గంట పట్టింది.

ఆ ఒక్క మనిషి మైసయ్య. జానమ్మ తల్లీ తండ్రీ ఆమె చిన్నతనంలోనే పోయారు. ఆమె మిషన్ హాస్టల్లో పెరిగింది, పెళ్లయ్యాక యోహాను పనిచేసే బడిలోనే పద్నాలుగేళ్లు పిల్లలకు మధ్యాహ్న భోజనం వండింది. తల్లిగారి వైపున మిగిలింది చిన్నమ్మ కొడుకు మైసయ్య ఒక్కడే. కోస్గిలో ఎరువుల దుకాణంలో పని. కొత్తింట్లో అడుగుపెట్టే రోజున ఆడబిడ్డకూ ఆమె మొగుడికీ తల్లిగారోళ్లు వచ్చి కొత్త బట్టలు పెట్టాలి. ఆ ఊళ్లో ఏ మతం వాళ్లయినా ఈ ఒక్కటి మాత్రం తప్పించరు. జానమ్మ పెళ్లికి బట్టలు పెట్టిన వాళ్లు లేరు. నవీన్ పుట్టినప్పుడూ లేరు. పిలిచిన ప్రతిసారీ మైసయ్య వస్తానంటాడు, ఆ రోజుకు బస్సు దొరకలేదంటాడు. యోహాను అక్క బిక్షమ్మ మాత్రం ప్రతి పండుగకూ భువనగిరి నుంచి ముందే దిగి, నలుగురి మధ్యన నిలబడి, "తల్లిగారోళ్లు ముందుకు రాండి" అని గట్టిగా పిలుస్తుంది. ఎవరూ ఉండరని తెలిసే పిలుస్తుంది. ఆ పిలుపు తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని జానమ్మ ఇరవై ఎనిమిదేళ్లుగా తలవంచుకుని మోస్తోంది. ఇల్లు కట్టింది తాను, నిలబడి నీళ్లు పట్టింది తాను. ఈసారైనా ఆ గుమ్మంలో తలెత్తుకుని నిలబడాలని ఆమె కోరిక.

అందుకే ఆ పత్రిక ఇలా కుదిరింది:

"బామ్మర్దీ, మీ అక్క సొంతిల్లు కట్టుకున్నది. ఐతారం పొద్దున ప్రతిష్ఠ. తల్లిగారి తరఫున నువ్వు తప్ప ఆమెకు ఎవరున్నరు? నువ్వొచ్చి మా ఇద్దరికి బట్టలు పెడితెనే మీ అక్కకు నలుగుట్ల ఇజ్జత్. జర మనసుల పెట్టుకొని తప్పకుండ రావాలె. ఇట్లు మీ బావ, యోహాను."

గురువారం ఏడుంబావుకు నవీన్ మాక్రో నడిపించాడు. నాలుగో పేరు దగ్గర పేజీ తెరుచుకోవడం ఆలస్యమై అది ఆగిపోయింది. 'తప్పు వచ్చింది. ఆపాలా, కొనసాగించాలా?' అని ఒక డబ్బా తెర మీదికి వచ్చింది. నవీన్ కొనసాగించమన్నాడు. ఏడో పేరు దగ్గర మళ్లీ డబ్బా. తొమ్మిదో పేరు దగ్గర మళ్లీ. గడియారం ఏడూ నలభై చూపిస్తోంది. నవీన్‌కు చిరాకేసి, మాక్రో పైభాగాన ఒక్క వాక్యం చేర్చాడు.

"అదేం రాసినవ్‌రా?" అని యోహాను అడిగాడు.

"తప్పు వచ్చినా పట్టించుకోకుండ ముందుకు పొమ్మని రాసిన బాపు."

"మా బడిల గట్ల పోయేటోణ్ణి బెంచి ఎక్కించేది."

"గది బడి. ఇది కంప్యూటర్" అని నవీన్ స్టేషనుకు పరుగెత్తాడు.

మాక్రో చెప్పినట్టే చేసింది. పన్నెండో పేరు మైసయ్య. ఆయన పత్రికను తెరిచింది, కాపీ చేసింది, పంపింది. పదమూడో పేరు దగ్గర పత్రికలున్న పేజీ మళ్లీ పాస్‌వర్డు అడిగింది. పత్రిక తెరుచుకోలేదు, కొత్తగా ఏదీ కాపీ కాలేదు. తప్పయితే వచ్చింది గానీ, పట్టించుకోవద్దన్నారు గనక మాక్రో పట్టించుకోలేదు. దాని దగ్గర మిగిలిన పాత కాపీనే, అంటే మైసయ్య పత్రికనే, పదమూడో మనిషి పేరు కింద అతికించి పంపేసింది. ఆ మనిషి కమలాకర్ సార్, యోహాను పద్దెనిమిదేళ్లు ఎవరి గది ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడో ఆ హెడ్‌మాస్టరు. పద్నాలుగో మనిషికీ అదే పత్రిక. పదిహేనో మనిషికీ అదే. ఇరవై నిమిషాల్లో ఆలేరు పట్టణంలో నూట ముప్పై ఒక్కమందికి, అందులో పద్దెనిమిది మంది ఆడవాళ్లతో సహా, జానమ్మకు తాము తప్ప దిక్కు లేదని తెలిసింది.

సాయంత్రం నవీన్ వచ్చి చూస్తే తెర మీద రెండే వాక్యాలున్నాయి. 'పంపినవి 143. తప్పులు 0.' పట్టించుకోని తప్పులను మాక్రో లెక్కపెట్టదు మరి. నవీన్ ఆ తెరను ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. తల్లికి చూపించాడు. జానమ్మకు అంకెలు కనిపించాయి, మనసు నిండింది. "మా పిలగాడు తొమ్మిది తీర్ల పిలిచిండు" అని పక్కింటి వాళ్లకు చెప్పుకుంది.

శుక్రవారం యోహాను చర్చి కుర్చీల సంగతి మాట్లాడటానికి కుంటుకుంటూ బజారుకు బయల్దేరాడు. బట్టల దుకాణం యాదగిరి గల్లా వదిలేసి బయటికొచ్చాడు.

"బావా, రా రా, కూసో. చాయ తెప్పిస్త."

యోహాను వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"ఒక్క ముచ్చట చెప్పు. అక్కకు జరీ అంచు నచ్చుతదా, సాదాదే మంచిదా?"

"నాకిప్పుడు చీరలు వద్దు యాదగిరన్నా. ఇంటి మీదనే అంత పోయింది."

"నువ్వు కొనుడేంది? నేనుండంగ నువ్వెందుకు కొంటవ్?"

ఇది కొత్తగా వచ్చిన ఏదో స్కీము అనుకుని యోహాను అక్కణ్నుంచి జారుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో రైతు గాలయ్య బండి ఆపాడు. గాలయ్య మాట తక్కువ మనిషి. వానల గురించి తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

"నీ అంగీ సైజెంత?"

"నలభై రెండు" అన్నాడు యోహాను, అలవాటుగా. బండి వెళ్లిపోయింది. ఎందుకడిగాడో అని యోహాను రోడ్డు మీద నిలబడి ఆలోచిస్తుంటే దవాఖాన నర్సు రమ ఆటోలోంచి తల బయటపెట్టి అదే ప్రశ్న వేసింది. చర్చి చేరేలోపు యోహాను తన అంగీ సైజు ఏడుగురికి చెప్పాడు.

తిరిగొస్తుంటే బ్యాంకు ముందు కమలాకర్ సార్ ఎదురయ్యారు. యోహాను అలవాటు కొద్దీ నడుం వంచి నమస్కారం పెట్టాడు.

"యోహానూ, నేను నీకు ఏమైత?" అని అడిగారు సార్.

"సార్ అయితరు సార్."

"నేను గట్లనే అనుకున్న, ఇన్నేండ్లు" అని కమలాకర్ సార్ గొడుగు విప్పుకుని ఎండలోకి నడిచి వెళ్లారు.

యోహాను ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "ఊరోళ్లందరి కండ్లు నా అంగీ మీద పడ్డయి" అన్నాడు భార్యతో.

"రిటైరైనంక బక్కగైనవని సూస్తున్నరేమో" అని జానమ్మ సున్నం బకెట్టు ఎత్తుకుని పోయింది.

సాయంత్రం నవీన్ తండ్రి ఫోన్ తెరిచి చూశాడు. మొదటి పన్నెండు బాగున్నాయి. పదమూడోది చదివి కుర్చీలో కూర్చున్నాడు. పద్నాలుగోది చదివి లేచాడు. ముప్పయ్యోది ఊళ్లో మహిళా సంఘం అధ్యక్షురాలికి పోయింది. ఆమెను కూడా బామ్మర్దీ అనే పిలిచారు.

"బాపూ, జర తలుపు దగ్గరికి ఎయ్యి" అన్నాడు.

విన్నాక యోహాను తలుపుకు గడియ కూడా పెట్టాడు. ఆయన కళ్ల ముందు మిగతా నూట ముప్పై మంది లేరు, గొడుగు విప్పుకుంటున్న కమలాకర్ సార్ ఒక్కరే ఉన్నారు. "సార్ నాకంటె పెద్దోడురా. ఆయన ముందల నేను ఇంతవరకు కుర్చీల కూసోలేదు. ఆయనను పట్టుకొని బామ్మర్దీ అంటినా?"

"నువ్వనలే బాపు, నా మాక్రో అన్నది."

"మీ బావ యోహాను అని కింద మాక్రో పేరున్నదా, నా పేరున్నదా?"

నూట ముప్పై ఒక్క ఇళ్లకు ఫోన్ చేసి ఒక్కొక్కరికీ సంజాయిషీ చెప్పుకోవడం ఆదివారంలోపు తేలే పని కాదు. నవీన్ దానికీ ఒక మాక్రో రాస్తానన్నాడు. ఈసారి జాగ్రత్తలు రెండింతలు తీసుకున్నాడు. తప్పు వస్తే అక్కడికక్కడే ఆగిపోవాలని రాశాడు. ఒకరికి మెసేజు అందినట్టు రెండు టిక్కులు పడితే గానీ రెండో మనిషి జోలికి పోవద్దని రాశాడు. అందరికీ ఒకటే మాట: 'మొన్న మీకు వచ్చిన మెసేజు పొరపాటున వచ్చింది. దయచేసి మనసులో పెట్టుకోవద్దు. బట్టలు తేవలసిన పని లేదు.' పదమూడో వరుస నుంచి మొదలుపెట్టమని చెప్పి, శనివారం పొద్దున మీట నొక్కి, మళ్లీ ఎనిమిదింటి ప్యాసింజరు ఎక్కాడు. జానమ్మకు ఏమీ చెప్పలేదు. ఆ పత్రిక ఆమె గంటసేపు కూర్చుని చెప్పిన పత్రిక.

పట్టికలో మొదటి వరుస పేరు, నంబరు, వరస అనే శీర్షికలదని నవీన్ మరిచిపోయాడు. దాన్ని కలుపుకుంటే పదమూడో వరుసలో ఉన్నది పన్నెండో మనిషి. మాక్రో మొట్టమొదట మైసయ్యకు పంపింది. రెండు టిక్కులు పడ్డాయి. తర్వాత కమలాకర్ సార్‌కు పంపింది. ఆయన గురువారమే కోపంతో యోహాను నంబరును బ్లాక్ చేసి ఉన్నారు, రెండో టిక్కు పడలేదు. మాక్రో ఆగిపోయింది. 'తప్పు వచ్చింది. ఆపాలా, కొనసాగించాలా?' అని డబ్బా తెరిచి, ఖాళీ గదిలో మర్యాదగా ఎదురుచూస్తూ కూర్చుంది.

పదిన్నరకు జానమ్మ ఫోన్ మోగింది.

"ఏందక్కా గిది?" మైసయ్య గొంతు గరగరలాడుతోంది. "నేను తప్ప ఎవరు లేరంటిరి. ఈసారి సేటును అడిగి సెలవు తీసుకున్న. ఇప్పుడు బావ రావద్దంటుండు. బట్టలు తేవలసిన పని లేదట. నేను గంత పనికిరానోణ్ణయిన్నా?" ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది.

జానమ్మ ఒక్క కేక వేస్తే యోహాను మోకాళ్ల నొప్పి మరిచి లోపలికొచ్చాడు. మొత్తం చెప్పాడు. భువనగిరి నుంచి మధ్యాహ్నపు బండికి పరుగెత్తుకొచ్చిన నవీన్ మిగతా మొత్తం చెప్పాడు. పిలవాల్సిన ఒక్కణ్ని వద్దన్నారు, మిగతా అందరినీ పిలవకూడని పిలుపు పిలిచారు. ఆమె విని గోడకు ఆనుకుని కూర్చుంది. నవీన్‌కు తల్లి తిడుతుందేమోనన్న భయం పోయి, తిట్టడం లేదేమిటన్న భయం పట్టుకుంది.

"అమ్మా, ఇంకో గంటల మిగిలినోళ్లకు పంపుత. ఆ డబ్బా ఒక్కటి నొక్కితె..."

"ముట్టుకోకు" అంది జానమ్మ.

"అందరు తప్పనుకుంటరు గద."

"అనుకోనీ. రమ్మన్న నోటితోని రావద్దని అంటరా? గంత బీదగ లేను. తిట్టనీకి వచ్చినా సరే, వచ్చినోళ్లకు కూసోబెట్టి అన్నం పెడ్త. బియ్యం ఇంకో బస్తా తెప్పియ్యి."

"మైసయ్య మామ కాడికి నేను పోతనమ్మా, ఇప్పుడే కోస్గి పోయి కాళ్లు పట్టుకొని..."

"కాళ్లు పట్టుకొని తెచ్చుకునే తమ్ముడు నాకెందుకు?" అని లేచి కిటికీల దగ్గరికి పోయింది. మిగిలిన పూత తానే వేసింది. బ్రష్షు ఆడుతున్నంతసేపూ ఎవరూ ఆమె ముఖం చూడలేదు.

ఆదివారం పదింటికి పాస్టరు గారు ప్రార్థన చేసి తలుపు తీశారు. షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి, గోడవారన కూడా జనం నిలబడ్డారు. యోహాను ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ ఎవరు ముందు కొట్లాటకు లేస్తారో లెక్కగట్టుకుంటున్నాడు. ముందు వరుసలో కమలాకర్ సార్ కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఏదో పొట్లం. ముఖంలో నవ్వు లేదు. భోజనాలకు ముందు బిక్షమ్మ కొంగు సర్దుకుని నడుమ నిలబడింది.

"ఏందమ్మా, తల్లిగారోళ్లు ముందుకు రాండి" అని పిలిచింది. కాసేపు ఆగి, "ఎవరన్న ఉన్నరా?" అని చేర్చింది.

నిశ్శబ్దం వచ్చింది. జానమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పోయిన క్రిస్మస్ చీర కట్టుకుంది. ఈసారి తల వంచుకోకూడదని గట్టిగా అనుకుని వచ్చింది గానీ, అది అలవాటు కొద్దీ వంగుతోంది.

నవీన్ ఓర్చుకోలేకపోయాడు. పాటలు పాడే వాళ్ల దగ్గర మైకు లాక్కున్నాడు. "అందరు నన్ను మన్నించాలె. మీకు వచ్చిన మెసేజ్ మా బాపు పంపలేదు, మా అమ్మకు తెల్వది. నా మాక్రోల తప్పొచ్చింది, నేనే ఆగకుండ పొమ్మన్న. ఒక్క మనిషికి రాసిన రాత నూట ముప్పై ఒక్కమందికి పోయింది. మిమ్మల్ని గట్ల పిలిచినందుకు తప్పైంది" అన్నాడు. తన మాక్రోలో తప్పుందని అతను నలుగురిలో ఒప్పుకోవడం అదే మొదలు.

వెనక వరుసలో గాలయ్య లేచాడు. "గంతేనా?" అన్నాడు.

"గంతే కాకా."

"శుక్రారం పొద్దుగాలనే తెలిసింది మాకు. చాయ హోటల్ల నేను ఫోన్ తీసి చూపెడితె యాదగిరి ఆయన ఫోన్ తీసిండు. రమ తీసింది. అందరికి గదే రాత. కంప్యూటర్ల ఏదో అటిటు అయిందని పది నిమిషాలల్ల సమజైంది."

"మరి వద్దని ఎవరు చెప్పలేదేంది?"

"ఎందుకు చెప్తం? పోయిన జాగా తప్పు గని, రాసిన ముచ్చట తప్పు కాదు గద. జానమ్మకు తల్లిగారోళ్లు లేరని నాకు తెల్వదు. మా బిడ్డ పదో తరగతి దాక ఆమె వండిన బడి అన్నమే తిన్నది. నేను ఎన్నడు అడగలే, నీకు ఎవరున్నరని." గాలయ్య జీవితంలో ఒక్క చోట ఇన్ని మాటలు మాట్లాడలేదు. చేతిలో ఉన్న కవరు పట్టుకుని కుర్చీల మధ్యనుంచి నడిచాడు. నవీన్ పక్కనుంచి పోతూ, "కాకా అనకు ఇగ. మామ అను" అన్నాడు.

ఆయన వెనక యాదగిరి లేచాడు. ఆ తర్వాత రమ లేచింది. "నేను కూడ బామ్మర్దినే, నా ఫోన్ల ఉన్నది" అంటూ కవరు పైకెత్తి చూపించింది. కుర్చీలు జరిగిన చప్పుడుకు షామియానా కింద మాటలు వినిపించలేదు. ఒకరి వెనక ఒకరు, కవర్లూ పొట్లాలూ పట్టుకుని, గుమ్మం నుంచి గేటు దాకా వరుస కట్టారు.

కమలాకర్ సార్ మాత్రం వరుసలో నిలబడలేదు. అలవాటు కొద్దీ అందరికంటే ముందుకు నడిచారు. జానమ్మ ముందు ఆగి గొంతు సవరించుకున్నారు.

"వీళ్ల తీరు నేను నవ్వుకొని రాలే. నాకు కోపమొచ్చింది. మా ఇంటామెకు చదివి వినిపించిన, ఆమె కూడ కోపం చేస్తదని. ఆమె మొత్తం విని, 'గామెకు ఎవ్వరు లేరా' అని అడిగింది. పద్నాలుగేండ్లు రోజు నువ్వు వండిన అన్నం ముందల నేనే రుచి చూసి రిజిస్టర్ల సంతకం పెట్టిన. గా ఒక్క మాట నేను అడగలే." పొట్లం విప్పారు. నేరేడు రంగు చీర. "కోపం ఇంకా పోలేదు. చీర మాత్రం కప్పుకో."

ఆయన చీర మడత విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పారు. జానమ్మ ఆయనను ఎన్నడూ సార్ అని తప్ప పిలవలేదు. ఆ మాటే నోటిదాకా వచ్చి ఆగింది.

"దండం, అన్నా" అంది.

కమలాకర్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నారు. అటు పోయి యోహానుకు ఒక అంగీ గుడ్డ కప్పి, "కూసో, కుర్చీల కూసో" అన్నారు. యోహాను కూర్చున్నాడు.

వరుస కదిలింది. జానమ్మ భుజాల మీద చీర మీద చీర పడుతోంది. యోహాను మీద తువ్వాళ్లూ, లుంగీలూ, నలభై రెండు సైజు అంగీలూ గుట్ట పడుతున్నాయి. ఏప్రిల్ ఎండకు ఆయన చెవుల దాకా చెమట కారుతోంది, తీసేయబోతే జనం తీయనివ్వడం లేదు. మహిళా సంఘం వాళ్లందరూ కలిసి ఒకే రంగు చీరలు తెచ్చారు. వచ్చిన ప్రతివారూ "అక్కా" అనో "చెల్లే" అనో పిలిచి కప్పుతున్నారు. జానమ్మ ఒక్కొక్కరికీ వరస పెట్టి బదులు చెబుతోంది. ఆమె మెడ నిటారుగా ఉంది. ఏడుస్తోంది గానీ తల వంచుకుని కాదు. నవీన్ ఆమెను చూసి, ఇంతమందిలో ఈమె మా అమ్మ అని గట్టిగా అరవాలనుకున్నాడు. మైకు మళ్లీ ఇవ్వరని ఊరుకున్నాడు.

అప్పుడే గేటు దగ్గర గొడవ మొదలైంది. కోస్గి నుంచి బస్సులు మారి, చెమటలు కక్కుతూ మైసయ్య దిగాడు. చంకలో కవరు. ఇరవై ఎనిమిదేళ్లు రమ్మంటే రాని మనిషి, వద్దనేసరికి తెల్లవారుజామున మొదటి బస్సుకే బయల్దేరాడు.

"ఎవడాడు నన్ను వద్దన్నది? జరుగుండ్రి. మా అక్కకు బట్టలు పెట్టాలె" అని జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

వరుసను చూసుకుంటున్న యాదగిరి చెయ్యి అడ్డం పెట్టాడు. "లైన్ల రావాలె తమ్మీ. అందరం తల్లిగారోళ్లమే."

"నేను సొంత తమ్ముణ్ణి."

"గిక్కడ అందరు గదే అంటున్నరు. వెనకకు పో."

మైసయ్య నోరు తెరిచి, వరుస పొడవు చూసి, మూశాడు. నవీన్ పరుగెత్తుకెళ్లి తల్లి చెవిలో చెప్పాడు. "అమ్మా, మైసయ్య మామ వచ్చిండు. ముందుకు తేవాల్నా?"

జానమ్మ చీరల మీదుగా గేటు వైపు చూసింది. తమ్ముడు మెడ రిక్కించి చెయ్యి ఊపుతున్నాడు. ఆమె ముఖం వెలిగింది. తనూ చెయ్యి ఊపింది.

"వస్తడు తియ్యి. లైన్ల ఉన్నడు గద" అంది.

అందరికంటే చివర, అరవై రెండో వాడిగా, మైసయ్య వచ్చేసరికి ఒంటిగంట దాటింది. చీర కప్పి, అక్కను పట్టుకుని ఏడ్చాడు. ఇంకెప్పుడూ బస్సు తప్పిపోనివ్వనన్నాడు. ఆలస్యంగా వస్తే నంబరు వెనక పడుతుందని అతనికి ఆ రోజు బాగా అర్థమైంది. ఇదంతా చూస్తూ నిలబడిన బిక్షమ్మ ఎవరూ చెప్పకుండానే లోపలికి పోయి ఒక కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసింది.

"కూసో మరదలా. పొద్దటి సంది నిలబడ్డవ్, కాళ్లు గుంజుతయి" అంది.

అదనంగా తెప్పించిన బియ్యం బస్తా కూడా సరిపోలేదు. యాదగిరి తన ఇంట్లోంచి ఇంకో బస్తా పంపించాడు. సాయంత్రం నవీన్ లాప్‌టాప్ తెరిస్తే డబ్బా ఇంకా అలాగే ఎదురుచూస్తోంది. ఆపమన్నాడు.

మర్నాడు పొద్దున కొత్తింటి అరుగు మీద కూర్చుని యోహాను జానమ్మ ఇచ్చిన చాయ నోట్లో పోసుకున్నాడు. చక్కెర మరీ ఎక్కువైంది. ఆ సంగతి ఆమెకు గట్టిగా చెబుదామని లోపలికి తిరిగాడు, కానీ నిన్న వరుస కట్టిన అరవై రెండు మంది బామ్మర్దులు గుర్తొచ్చి మొత్తం తాగేశాడు.